పిట్ట తాగుతోంది, ఆగండి

సింగపూర్‌లో ఇరవై ఏళ్లకు పైగా ఉంటున్న తెలుగువాళ్లలో చాలామందికి ఈ కథ తెలుసు. ఉద్యోగం కోసం వచ్చి, ఏ పనీ దొరక్క కూర్చుని, చివరికి క్లయింట్ మేనేజరే ఇంటర్వ్యూకి ఫోన్ చేస్తే "పిట్ట తాగుతోంది, ఆగండి" అని ఫోన్ పెట్టేసినవాడి కథ. గృహప్రవేశాల్లో, పిల్లల పుట్టినరోజుల్లో, బీచి దగ్గర చికెన్ కాల్చుకుంటూ కూర్చున్నప్పుడు దీన్ని చెప్పుకుని నవ్వుకున్నాం. కొందరు పిట్టను చిలక చేశారు. కొందరు మేనేజర్‌ను బ్యాంకు డైరెక్టర్‌ను చేశారు. ఒకాయనైతే నా ఎదురుగానే, ఇది తన ఫ్లాటులో జరిగిందని చెప్పాడు.

జరిగింది మా ఫ్లాటులో. ఈ కథ మొదట చెప్పింది నేను. అందరికంటే ఎక్కువసార్లు చెప్పిందీ నేనే. అందులోని మనిషి వెర్రివాడు కాడు. అతను ఆ మాట ఎందుకన్నాడో నాకు తెలుసు. తెలిసి కూడా ఆ ముక్క వదిలేసి చెబుతూ వచ్చాను. ఆ ముక్కతో కలిపి ఇక్కడ రాస్తున్నాను.

అప్పటికి వై టూ కే పని, అంటే రెండువేల సంవత్సరానికి పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసే పని, అయిపోయింది. ఇంటర్నెట్ పని ఊపందుకుంటోంది. అంతవరకూ మెయిన్‌ఫ్రేమ్ అనే పాత పెద్ద కంప్యూటర్ల మీద బతికినవాళ్లంతా జావా పుస్తకాలు పట్టుకుని తిరిగేవాళ్లు. మమ్మల్ని తెచ్చిన కంపెనీ మాలాంటివాళ్లను హైదరాబాద్ నుంచి రప్పించి, టాంపినీస్‌లో అద్దెకు తీసుకున్న ఫ్లాటులో పెట్టి, క్లయింట్ దొరికినప్పుడు పనికి పంపేది. దొరికేదాకా బెంచి మీద ఉన్నట్టు. ఇక్కడ ఉండి పనిచేయడానికి ప్రభుత్వమిచ్చే పాస్ కంపెనీ పేరు మీద ఉంటుంది. కంపెనీ చాలనుకుంటే పాస్ పోతుంది, మనిషి వెనక్కి వెళ్లిపోవాలి.

బెంచి మీద ఉన్నవాడే వంట చేయాలి. ఎవరు పెట్టారో తెలియదు, నేను వచ్చేసరికే ఆ ఇంట్లో ఆ పద్ధతి ఉంది. వంట, గిన్నెలు, అందరి బట్టలు మిషన్లో వేసి ఆరేయడం, మార్కెట్ నుంచి కూరగాయలు తేవడం. నేనూ చేశాను. నేను చేసిన సాంబారును అప్పటి సీనియర్ ఒకడు నా ఎదురుగానే సింకులో పోసి, కింద తిండి అంగళ్లుండే హాకర్ సెంటర్‌కి వెళ్లి తినొచ్చాడు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. పని దొరికాక ఆ ఏడుపు మర్చిపోయాను. సాంబారు పారబోయడం ఎలాగో మాత్రం గుర్తుంచుకున్నాను.

నా తర్వాత బెంచి మీదికి వచ్చినవాడే ఈ మనిషి. కరీంనగర్ వైపు వాడు. అక్కడ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగం వదిలేసి వచ్చాడు. తిరిగి వెళ్తే ఆ ఉద్యోగం ఉండదు, ఆ సంగతి వచ్చిన మొదటి రోజే మాకు చెప్పేశాడు. అలాంటివి చెప్పుకోకూడదని అతనికి తెలియదు. వయసులో నాకంటే పెద్ద. అయినా నన్ను అన్నా అని పిలిచేవాడు, నాకు పని ఉంది కాబట్టి. మొదట్లో ఇబ్బందిగా ఉండేది. కొన్నాళ్లకు అది నాకు రావలసిందే అనిపించింది.

నేను గుంటూరు వాణ్ణి. ఫ్లాటులో నాతో గది పంచుకున్నవాడిది గోదావరి జిల్లా. ఇద్దరం తంజోంగ్ పగార్‌లో ఒకే ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో పనిచేసేవాళ్లం. సాయంత్రం ఇంటికొచ్చి కొత్తవాడి భాషను వాడికే వినిపించడం మా కాలక్షేపం. అతను పచ్చిపులుసు చేస్తే మావాడు గిన్నెలోకి చూసి అడిగేవాడు.

"ఇది పులుసా, చింతపండు కడిగిన నీళ్లా?"

"తినిసూడన్నా, మంచిగుంటది."

"మంచిగనే ఉంటదిలే. మా ఊళ్లో దీంతో రాగిచెంబులు తోముతం."

అతను కూడా నవ్వేవాడు. నవ్వుతున్నాడు కదా, ఇందులో తప్పేముంది అనుకునేవాళ్లం.

మా వంటింటికి పెరడు లాంటిది లేదు. వంటింటి కిటికీ బయట గోడకు గొట్టాలు బిగించి ఉంటాయి. బట్టలు తగిలించిన వెదురు కర్రలను లోపలి నుంచి ఆ గొట్టాల్లోకి గుచ్చితే అవి జెండాల్లా గాల్లోకి నిలబడతాయి. ఇక్కడి పాత ఫ్లాట్లన్నిటికీ అదే పెరడు. బట్టలు ఆరేసేటప్పుడు అతనికి కింద చెట్టులో తేనెపిట్టలు కనిపించాయట. బొటనవేలంత పిట్టలు, వంకర ముక్కు, పసుపు పొట్ట. మగదానికి గొంతు దగ్గర ఎండ పడితే నీలంగా మెరిసేది.

ఒక దగ్గుమందు సీసా కడిగి, చిల్లీసాస్ సీసా ఎర్రమూతకు సూదితో బెజ్జం చేసి దానికి బిగించాడు. పంచదార నీళ్లు నింపి తలకిందులు చేస్తే నీళ్లు కారిపోకుండా బెజ్జం దగ్గర ఒక బొట్టు నిలబడేది. దాన్ని తీగతో కర్ర చివర వేలాడదీశాడు. కొన్నాళ్లు ఏదీ రాలేదు. తర్వాత తల్లి వచ్చింది. ఆ తర్వాత తల్లి వెనకాల రెండు పిల్లలు వచ్చాయి.

పిల్లలు చూడటానికి తల్లిలాగే ఉండేవి. తోక మాత్రం పొట్టి, ముక్కు మూలల్లో ఇంకా పసుపు పోలేదు. కర్ర మీద, మా చొక్కాల మధ్య పక్కపక్కనే కూర్చుని నోరు తెరిచి అరిచేవి. తల్లి ఏ సాలీడునో పట్టుకొచ్చి గట్టిగా అరిచినదాని నోట్లో పెట్టేది. ఒక పిల్ల రెండు మూడు రోజుల్లోనే సీసా పని పట్టేసింది. తీగను కాళ్లతో పట్టుకుని తలకిందులై ముక్కు బెజ్జంలో పెట్టేది. రెండోదానికి అది చేతకాలేదు. ఎగిరి వచ్చి సీసాకు కొట్టుకుని, కంగారుపడి, తిరిగి కర్ర మీదికి పోయి ఈకలు ఉబ్బించుకుని కూర్చునేది. ధైర్యం చేసి మూత దగ్గరికి వస్తే మొదటిది దాని నెత్తిన పొడిచేది. నెత్తి మీద ఈకలు ఒకచోట ఊడిపోయాయి.

"సూడన్నా, దాని నాలిక," అని పిలిచేవాడు అతను. "దారం లెక్క ఎంత సన్నగున్నదో."

"నాలిక మనకెందుకు గానీ, ఇవాళైనా కూరలో ఉప్పేశావా?"

నిజం చెప్పాలంటే అతను విసుగు పుట్టించేవాడు కూడా. మేం ఆఫీసు నుంచి చెమటలు కక్కుకుంటూ వస్తే, చెప్పులు విప్పకముందే ఆ రోజు పిట్టలు ఏం చేశాయో మొదలుపెట్టేవాడు. రోజంతా ఒక్కడే ఉండేవాడు, మాట్లాడటానికి మనుషులు లేరు, ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు అర్థం చేసుకోవాలనిపించలేదు.

చేతకాని ఆ పిల్లకు నేనే పేరు పెట్టాను. బెంచి పిట్ట. ఆదివారాలు నేనూ నా గోదావరి స్నేహితుడూ కిటికీ దగ్గర టీ తాగుతూ వాటిని చూసేవాళ్లం. మొదటిది దాన్ని పొడిచినప్పుడల్లా "మళ్లీ రిజెక్ట్" అని అరిచేవాళ్లం. అతను వెనక నిలబడి గిన్నెలు తోముతూ వినేవాడు.

"అది నేర్సుకుంటదన్నా," అన్నాడు ఒకసారి, మా వైపు తిరక్కుండానే. "దాని టైమ్ అది తీసుకుంటది."

"క్లయింట్ ఆగడు కదా తమ్ముడూ," అన్నాను.

ఒక రోజు పిల్లలు నా తెల్లచొక్కా మీద రెట్టవేశాయి. మర్నాడు ఆఫీసులో పైవాళ్ల ముందు మాట్లాడవలసిన చొక్కా. తిరిగి ఉతికి ఇస్తానన్నాడు అతను. అక్కర్లేదన్నాను. అతను మార్కెట్‌కి వెళ్లినప్పుడు సీసా దించి, నీళ్లు పారబోసి, ఉప్పునీళ్లు నింపి పెట్టాను. మొదటి పిల్ల వచ్చి తాగి, తల విదిలించుకుంది. ముక్కును కర్రకు అటూ ఇటూ రాసుకుంది. మళ్లీ వచ్చింది, మళ్లీ విదిలించుకుంది. నా స్నేహితుడు నవ్వలేక నేల మీద కూర్చుండిపోయాడు. అతను తిరిగొచ్చి సీసా దించి, వేలు తడిపి నాలుకకు తగిలించి చూశాడు. సీసా కడిగాడు, పంచదార కలిపాడు, తిరిగి వేలాడదీశాడు. వచ్చి నా చొక్కా తీసుకుని ఉతికాడు.

కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడనివాణ్ణి ఇంకొంచెం గిల్లాలనిపిస్తుంది. అందరికీ అలా అనిపిస్తుందో లేదో తెలియదు. నాకు అనిపించింది.

ఇక ఫోన్ సంగతి. అప్పట్లో క్లయింట్లు మొదటి ఇంటర్వ్యూ ఫోన్లోనే చేసేవాళ్లు. ఫ్లాటు హాల్లో ఒకటే ఫోన్. అది ఎప్పుడు మోగుతుందో తెలియదు కాబట్టి బెంచి మీద ఉన్నవాడు పగలంతా ఇల్లు వదలకూడదు. టై కట్టుకుని మాట్లాడితే గొంతులో నమ్మకం వస్తుందని అతనికి చెప్పింది నేనే. వేళాకోళానికి చెప్పాను. అతను నమ్మాడు. పగలు లుంగీ మీద చొక్కా, టై వేసుకుని వంట చేయడం, ఒంట్లో బాగాలేక ఇంట్లో ఉండిపోయిన రోజున నా స్నేహితుడు చూసి, ఆఫీసుకు ఫోన్ చేసి మరీ చెప్పాడు.

దాంతో నాకు ఆలోచన వచ్చింది. మర్నాడు భోజనాల వేళ ఆఫీసు ఫోన్ నుంచి ఫ్లాటుకు చేశాను. రిసీవర్ మీద కర్చీఫ్ వేసి, మా చైనీస్ మేనేజర్ గొంతు పెట్టాను.

"హలో, యూ ఫ్రీ టు టాక్, ఆ?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. అతను లేచి నిలబడ్డాడు. "యెస్ సర్, గుడ్ ఆఫ్టర్‌నూన్ సర్."

జావాలో నాలుగు ప్రశ్నలు అడిగాను. పాఠం చెప్పినట్టు చెప్పాడు, బాగానే చెప్పాడు. ఐదో ప్రశ్నగా, నీ పిట్టలకు ఎంత అనుభవం ఉంది అని ఇంగ్లిషులో అడిగాను. అతను "సర్?" అన్నాడు. పక్క కుర్చీలో నా స్నేహితుడు నోట్లో చెయ్యి పెట్టుకుని ఊగిపోతున్నాడు. అప్పుడు తెలుగులో అడిగాను.

"అన్నం వండావా లేదా?"

కుర్చీ మళ్లీ జరిగింది, కూలబడ్డట్టున్నాడు. తర్వాత నవ్వాడు. "నువ్వా అన్నా. పరేషాన్ జేసినవ్. పోనీ, మంచిగ ప్రాక్టీసయింది."

రెండోసారి చేసినప్పుడు మూడు ప్రశ్నల దాకా నమ్మాడు. మూడోసారికి గొంతు వినగానే పట్టేసి, "అన్నా, పప్పు మాడుతున్నది, పెట్టేస్త," అన్నాడు. ఆ మూడోసారి గురించి చెప్పాలి. అప్పటికే మా కంపెనీ యజమాని, మేమంతా సార్ అనే ఆయన, మా కరీంనగర్ మనిషికి ఒక క్లయింట్ కుదిరిందని చెప్పారు. ఆ వారంలో ఏ రోజైనా ఫోన్ వస్తుంది. ఇది పోతే ఇక నిన్ను ఉంచుకోలేనయ్యా, పాస్ వెనక్కి ఇచ్చేస్తా అని కూడా అన్నారు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. నేను రిసీవర్ ఎత్తుతుంటే నా స్నేహితుడు చెయ్యి పట్టుకున్నాడు.

"ఈ వారం వద్దురా. నిజం ఫోన్ వచ్చే టైము."

"అందుకే కదా మజా," అన్నాను.

ఆ మాట నా కథలో ఎప్పుడూ చెప్పలేదు.

మర్నాడు నేను ఫోన్ చేయలేదు. మంచితనం వల్ల కాదు, ఆ మధ్యాహ్నం మీటింగు ఉంది. సాయంత్రం ఇద్దరం ఇంటికి వచ్చేసరికి అతను తలుపు దగ్గరే ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఇయ్యాల నీకు దొర్కలేదు గదన్నా."

"దేనికి?"

"ఫోన్ జేసినవ్ గద. గా టైంల మన చాతగాని బుడ్డది సీస కాడికి వొచ్చింది. తల్లి లేదు, పొడ్సేది లేదు, ఒక్కతే. తీగ పట్టుకుని ఉల్టా అయ్యి తాగుతున్నది. గప్పుడే నీ ఫోన్. అన్నా, పిట్ట తాగుతున్నది, జర ఆగు, తర్వాత జెయ్ అని పెట్టేసిన. మళ్ల మోగింది, ఎత్తలే. చప్పుడుకి అది పారిపోతదని."

"నేను చెయ్యలేదే."

"జోక్ జెయ్యకన్నా. నీ గొంతే. యూ ఫ్రీ టు టాక్ అన్నవ్."

నేను నా స్నేహితుడి వైపు చూశాను. వాడు బూట్లు విప్పుతున్నవాడల్లా ఆగిపోయాడు.

"ఇవాళ మేం చెయ్యలేదు," అన్నాడు వాడు మెల్లిగా. "మధ్యాహ్నమంతా మీటింగులో ఉన్నాం."

వంటింట్లో కుక్కర్ కూత వేసింది. అతను వెళ్లి స్టవ్ ఆర్పి వచ్చాడు. టై అప్పటికీ మెడలోనే ఉంది. దాన్ని విప్పి, చుట్టచుట్టి, చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వనుకున్న అన్నా," అన్నాడు.

అందులో నింద లేదు. ఏం జరిగిందో తనకు తాను చెప్పుకుంటున్నట్టు అన్నాడు. అన్నం పెట్టాడు. మేం తిన్నాం. పచ్చిపులుసు గురించి ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదు. నేను చెయ్యి కడుక్కుంటుంటే వంటింట్లోకి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"రేపు సార్ నిన్ను రమ్మన్నడట గదా, నీ కాంట్రాక్ట్ గురించి."

"అవును."

"ఒక్క మాట జెప్పన్నా. ముందుగాల ఫోన్లు నువ్వు జేసినవని. గందుకే ఇదీ నువ్వే అనుకున్న అని. నేను జెప్తే సాకు అంటడు. నువ్వు జెప్తే నమ్ముతడు. సార్ అడిగితే వాళ్లు ఇంకోసారి జేస్తరు."

"చెబుతాను."

"పక్కా?"

"చెబుతానన్నాను కదా."

ఆ నిమిషంలో చెప్పాలనే అనుకున్నాను. నా పక్షాన చెప్పుకోగలిగింది ఈ ఒక్కటే, దాన్ని కూడా ఎవరూ చూడలేదు.

మర్నాడు సార్ ఆఫీసుకు వెళ్లాను. ఆయన ఎదుట నేను అంతవరకూ కూర్చుని ఎరగను. నిలబడే మాట్లాడేవాళ్లం. నా కాంట్రాక్ట్ ఇంకో ఏడాది పొడిగించారని చెప్పి, అద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఏమయ్యా, మీ ఇంట్లోవాడికి పిచ్చా? క్లయింట్ ఫోన్ చేస్తే ఏదో భాషలో ఏదో అని పెట్టేశాడంట. మళ్లీ చేస్తే ఎత్తలేదంట. నా పరువు తీశాడు. ఏం జరిగింది? ఏదైనా సరైన కారణముంటే చెప్పు, వాళ్లకి నేను చెప్పుకుంటా."

ఆయన అడిగింది సరిగ్గా నేను చెప్పవలసిందే. నోరు తెరిచాను. ఆఫీసు ఫోన్ నుంచి వేళాకోళానికి చేశానని చెప్పాలి. అప్పుడే ఏడాది పొడిగించిన మనిషికి చెప్పాలి. పొడిగింపు రద్దు చేసేవారని నేను అనుకోను. తిట్టేవారు, అంతే. తిట్లు పడటం ఇష్టం లేక, అంతకంటే పెద్ద కారణం ఏమీ లేక, ఇలా అన్నాను.

"పొద్దస్తమానం పిట్టలు చూస్తూ కూర్చుంటాడు సార్."

"పిట్టలేంటి?"

"వంటింట్లో సీసా కట్టి పంచదార నీళ్లు పోస్తాడు. అవి తాగుతుంటే చూస్తాడు. నిన్న ఫోన్ వస్తే, పిట్ట తాగుతోంది, ఆగండి అన్నాడట."

సార్ నన్ను ఒక క్షణం చూశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. బల్ల మీద చేత్తో కొట్టి నవ్వారు. పక్క గదిలోంచి అకౌంటెంటును పిలిచి "మళ్లీ చెప్పవయ్యా" అన్నారు. మళ్లీ చెప్పాను. రెండోసారి అతని యాసలో చెప్పాను. ఇంకా బాగా నవ్వారు.

"కూర్చోవయ్యా, నిలబడ్డావేం," అన్నారు సార్. కూర్చున్నాను. కాఫీ తెప్పించారు. ఈ కథ మొదటిసారి చెప్పింది అక్కడే.

ఇంటికి వెళ్తే అతను ఆ రోజు తలుపు దగ్గరికి రాలేదు. వంటింట్లో ఉన్నాడు.

"జెప్పినవా అన్నా?"

"చెప్పాను."

"ఏమన్నడు?"

"వినలేదు."

అతను కొంచెంసేపు పొయ్యి గట్టు తుడిచాడు. తుడిచినచోటే మళ్లీ తుడిచాడు.

"నువ్వు జెప్పినవ్ గద," అన్నాడు. "నాకు గదే చాలు. మనసుల వెట్టుకోకు అన్నా."

అతను అనుకున్నది అదే. నేను తన కోసం మాట్లాడానని, సారే వినలేదని. ఆ నమ్మకంతోనే వెళ్లాడు. ఇన్నేళ్లలో ఎక్కడైనా, ఎవరికైనా సింగపూర్ సంగతులు చెప్పి ఉంటే, నా గురించి మంచే చెప్పి ఉంటాడు.

టికెట్ వెంటనే వచ్చింది. వెళ్లే రోజు మాకు ఆఫీసు ఉంది. సెలవు పెట్టొచ్చు, పెట్టలేదు. పొద్దున నేను బయల్దేరుతుంటే నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. పంచదార ఎంత, నీళ్లు ఎంతో చూపించాడు.

"రోజూ మార్వాలె అన్నా, లేకుంటే పులుస్తది. కొన్ని దినాలే. బుడ్డది ఇప్పుడిప్పుడే నేర్సింది, పువ్వుల కాడికి పోవుడు ఇంకా దానికి రాదు. వొచ్చేదాంక పొయ్యి. తర్వాత తీసేసినా ఏం గాదు."

"పోస్తాలే."

సాయంత్రం వచ్చేసరికి అతని మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. తాళంచెవి ఎదురింటి ఆంటీ దగ్గర ఉంచాడు. గిన్నెలో అన్నం, పప్పు, మాకోసం ప్రత్యేకంగా చిక్కటి పులుసు చేసి పెట్టి వెళ్లాడు. బాగుంది. నా స్నేహితుడు రెండుసార్లు వడ్డించుకున్నాడు.

సీసాలో నీళ్లు ఒకటి రెండు రోజులు ఉన్నాయి. తర్వాత అయిపోయాయి. పంచదార డబ్బా స్టవ్ పక్కనే ఉంది, సీసా చేతికి అందేంత దూరంలో ఉంది. రోజూ చూసేవాణ్ణి, రేపు పోద్దాం అనుకునేవాణ్ణి. మొదటి పిల్ల ఒకసారి వచ్చి ఖాళీ బెజ్జంలో ముక్కు పెట్టి, వెళ్లిపోయి, మళ్లీ రాలేదు. బెంచి పిట్ట వస్తూనే ఉంది. తీగ పట్టుకుని తలకిందులై, ఎండిపోయిన మూతలో ముక్కు పెట్టి, అలా చాలాసేపు వేలాడేది. కష్టపడి నేర్చుకున్నది అదొక్కటే మరి. కర్ర మీదికి వెళ్లి కూర్చునేది, మళ్లీ వచ్చేది.

శనివారం పొద్దున నేను పళ్లు తోముకుంటుంటే వచ్చింది. వేలాడుతూనే అరవడం మొదలుపెట్టింది, తల్లి కోసం అరిచినట్టు. నాకు చిరాకేసింది. కిటికీలోంచి చెయ్యి చాపి కర్రను లోపలికి లాగాను. అది ఎగిరిపోయింది. సీసాను తీగతో సహా తెంపి, వంటింటి గోడలో చెత్త కిందికి జారే గొట్టం మూత తెరిచి అందులో పడేశాను. మాది నాలుగో అంతస్తు. సీసా గోడలకు కొట్టుకుంటూ కింది దాకా వెళ్లిన చప్పుడు వినిపించింది. ఆ కర్ర మీద నా చొక్కాలు ఆరేసుకున్నాను.

ఆ పిల్ల బతికిందో చచ్చిందో నాకు తెలియదు. పువ్వుల దగ్గరికి పోవడం తనంతట తానే నేర్చుకుని ఉండవచ్చు. అలా అనుకోవడం నాకు సులువు కాబట్టి దాని మీద నాకు నమ్మకం లేదు.

తర్వాత నేను ఇక్కడే ఉండిపోయాను. ఉద్యోగాలు మారాను, టాంపినీస్‌లోనే ఫ్లాటు కొనుక్కున్నాను, కొడుకు ఇక్కడే పుట్టి పెరిగాడు. కథ కూడా పెరిగింది. ప్రతి విందులోనూ ఎవరో ఒకరు "ఆ పిట్ట కథ చెప్పండి" అనేవారు. అతని యాసను ఏటేటా ఇంకొంచెం సాగదీశాను. టై, లుంగీ కలిపాను. నేను చేసిన ఫోన్లు, సార్ గదిలో నా మాటలు కలపలేదు. అతని కోసం వెతికావా అంటే, వెతికానని చెప్పుకోవడానికి సరిపడా వెతికాను.

ఈమధ్య మా ఇంట్లో భోజనాలకు నాలుగు కుటుంబాలు వచ్చాయి. ఈసారి కథ మా అబ్బాయి అందుకున్నాడు. వాడికి తెలుగు సరిగా రాదు, కానీ ఈ కథ మాత్రం అతని యాసతో సహా వచ్చు. నా దగ్గరే నేర్చుకున్నాడు. లేచి నిలబడి, మెడలో లేని టై సర్దుకుని, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "అన్నా, వెయిట్ లా, పిట్ట తాగుతున్నది," అన్నాడు. నేను పెట్టే గొంతే పెట్టాడు, నేను ఆగే చోటే ఆగాడు; ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే ఆ 'లా' ఒక్కటే వాడి సొంతం. అందరూ నవ్వారు. కొత్తగా ఉద్యోగానికి వచ్చిన ఒక అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ అడిగింది.

"తర్వాత ఆయన ఏమయ్యారంకుల్?"

అన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. చెప్పేశాను. మూడుసార్లు ఫోన్ చేసింది నేనని చెప్పాను. సార్ అడిగితే నిజం చెప్పలేదన్నాను. చెప్పానని అతనికి అబద్ధమాడానన్నాను. గొంతు మామూలుగానే ఉంచాను, ఇరవై ఏళ్ల అలవాటు వల్ల కథ చెప్పినట్టే వచ్చింది.

మా గోదావరి మిత్రుడు, ఇప్పుడు బట్టతల, పెద్దగా నవ్వి నా వీపు మీద చరిచాడు.

"అందుకే కదా మజా అన్నావురా. గుర్తుందా?"

దాంతో అందరూ అందుకున్నారు. ముందుకంటే ఎక్కువ నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది. "అయితే సార్ గదిలో కూడా యాక్షన్ చేసి చూపించారా?" అని ఎవరో అడిగారు. మా ఆవిడ నవ్వలేదు. పెరుగు గిన్నె తేవడానికి లోపలికి వెళ్లి, చాలాసేపు రాలేదు.

మా అబ్బాయి నా పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"డాడీ, వై యూ నెవర్ టెల్ దిస్ పార్ట్? దిస్ ఈజ్ ద బెస్ట్ పార్ట్, లా."

వచ్చే విందులో వాడు ఇది కూడా కలిపి చెబుతాడు. బాగా చెబుతాడు. అందుకే నోటితో చెప్పడం మానేసి ఇక్కడ రాశాను. ఈ కథ ఎవరైనా చెబితే, ఫోన్ ఎత్తినవాడి దగ్గర కాక, చేసినవాడి దగ్గర మొదలుపెట్టండి. ఆ రోజు పిట్ట నిజంగానే తాగుతోంది. మొదటిసారి తనంతట తాను తాగుతోంది. అది చూసినవాడు అతనొక్కడే.